ఆ కప్ప ఎవరిది? అభిమానుల్ని కలిపిన, విడదీసిన ఒక బొమ్మల సినిమా

పెద్ద బంగళా. గోడల నిండా పటాలు. పచ్చటి కప్ప ఒకటి ఒక్కో పటం ముందూ ఆగి, విడిపోయిన స్నేహితుల్ని తలుచుకుంటూ నెమ్మదిగా పాడుకుంటూ నడుస్తుంది. పటాల్లోని బొమ్మలు కదిలి దానితో గొంతు కలుపుతాయి. 2011 నవంబరు 23న అమెరికాలో విడుదలైన ‘ద మప్పెట్స్’ సినిమాలో ఈ పాట కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కప్ప పేరు కెర్మిట్. చిన్నప్పుడు టీవీలో దాన్ని చూసి పెరిగినవాళ్ళు, అప్పటికి నలభై ఏళ్ళు వచ్చినవాళ్ళు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పాటకు కళ్ళు తుడుచుకున్నారు.

అదే పాట చూసి ఇబ్బంది పడ్డవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంటుంది. కెర్మిట్ ఎప్పుడూ నలుగురిని పోగేసేవాడు కదా, ఎవరూ లేని బంగళాలో ఏళ్ళ తరబడి ఒక్కడే కూర్చుంటాడా? స్నేహితులకు ఒక్క ఫోన్ చెయ్యడా? ఇంతకీ వీడు మన కెర్మిటేనా?

ఇద్దరూ ఆ బొమ్మల్ని ప్రాణంగా చూసుకున్నవాళ్ళే. ఇష్టం లేనివాళ్ళు సినిమాను తిట్టడం, ఇష్టమున్నవాళ్ళు పొగడటం ఎక్కడైనా ఉండేదే. ఇక్కడ ఇష్టమే రెండు ముక్కలైంది. ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే సినిమా కంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1955లో వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషన్ కోసం జిమ్ హెన్సన్ అనే కుర్రవాడు, అప్పటికి పద్దెనిమిదేళ్ళు, వాళ్ళమ్మ పాత కోటు కత్తిరించి ఒక బొమ్మ కుట్టాడు. పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి కళ్ళు పెట్టాడు. అదే కెర్మిట్. అప్పటికి అది కప్ప కూడా కాదు, బల్లిలాంటి ఏదో ప్రాణి. కప్ప అయింది తర్వాత. 1969లో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ పిల్లల కార్యక్రమంతో హెన్సన్ బొమ్మలు (వాటినే మప్పెట్లు అంటారు) ఇంటింటికీ వెళ్ళాయి. (మన దేశంలో 2006 నుంచి వచ్చిన ‘గలీ గలీ సిమ్ సిమ్’ ఆ కార్యక్రమానికి హిందీ రూపమే. అమెరికాలో పుట్టిన మన తెలుగు పిల్లల్లో చాలామందికి అంకెలు, అక్షరాలు నేర్పింది కూడా సెసమీ స్ట్రీటే.) అయితే తన బొమ్మలు పిల్లలకు మాత్రమే కాదని హెన్సన్ పట్టుదల. అమెరికా టీవీ సంస్థలు ఒప్పుకోలేదు. చివరికి ఇంగ్లండులో లూ గ్రేడ్ అనే నిర్మాత డబ్బు పెట్టాడు. లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో 1976 నుంచి 1981 దాకా ‘ద మప్పెట్ షో’ 120 ఎపిసోడ్లు తీశారు.

ఆ షోలో ఉన్నదల్లా ఒక పాత నాటక థియేటర్, దాన్ని నడిపే కెర్మిట్, తనంత అందగత్తె లేదనుకునే మిస్ పిగ్గీ అనే పంది, ఎవరూ నవ్వని జోకులు వేసే ఫోజీ అనే ఎలుగుబంటి, ఫిరంగిలో దూరి పేల్చుకుంటే అదే కళ అనుకునే గోన్జో అనే వింత జీవి, బాల్కనీలో కూర్చుని అందర్నీ ఎద్దేవా చేసే ఇద్దరు ముసలివాళ్ళు. ప్రతి వారం ప్రదర్శన దాదాపు ఆగిపోయే పరిస్థితి వస్తుంది. ఎలాగోలా గట్టెక్కుతుంది. కథంతా అంతే. ఆ గట్టెక్కడంలో అందరూ ఒకరినొకరు భరిస్తారు, అదే జనానికి నచ్చింది.

ఇప్పుడు బొమ్మ ఎలా ఆడుతుందో చూడాలి. గొడవ మూలం అక్కడే ఉంది.

ఒక పాత సాక్సు తీసుకుని చేతికి తొడుక్కోండి. బొటనవేలు కింది దవడ, మిగతా నాలుగు వేళ్ళు పై దవడ. నోరు తెరిచి మూస్తే బొమ్మ మాట్లాడుతుంది, అది ఎవరైనా చేస్తారు. ఇప్పుడు వేళ్ళను లోపలికి ముడవండి. ముఖం నలిగిపోతుంది. ఏదో మింగలేని మాట విన్నట్టు ఉంటుంది. కొంచెం ముందుకు వంచండి, సిగ్గు పడుతుంది. కెర్మిట్ తలలో గట్టి చట్రం లేదు. బట్ట లోపల నేరుగా మనిషి చెయ్యే ఉంటుంది కాబట్టి, ఆ కప్ప ముఖంలో కనిపించే భావాలన్నీ హెన్సన్ వేళ్ళవే. హెన్సన్ బృందం చేతులు తల మీదికెత్తి ఆడించేవారు, కింద చిన్న టీవీ తెర పెట్టుకుని బొమ్మ ఎలా కనిపిస్తోందో చూసుకునేవారు. కుడిచెయ్యి తలలో ఉంటుంది, ఎడమచెయ్యి సన్నటి కడ్డీతో బొమ్మ చేతిని కదుపుతుంది. అందుకే మప్పెట్లలో ఎక్కువ ఎడమచేతివాటంవే. మాట్లాడేదీ ఆడించేదీ ఒకే మనిషి. కార్టూన్‌లో బొమ్మ ఒకరు గీస్తారు, గొంతు ఒకరిస్తారు. ఇక్కడ గొంతు, వేలు, ఆలోచన ఒకే ఒంట్లోంచి వస్తాయి.

అంతేకాదు, పాత్రలు జంటల్లో పుట్టాయి. కెర్మిట్ హెన్సన్ అయితే మిస్ పిగ్గీ, ఫోజీ ఫ్రాంక్ ఓజ్. ‘స్టార్ వార్స్’లో యోడా తెలిసినవాళ్ళకు ఓజ్ తెలిసినట్టే, ఆ గొంతూ ఆ చెయ్యీ ఆయనవే. స్వీడిష్ షెఫ్ అనే వంటవాడి బొమ్మకు తల హెన్సన్‌ది, చేతులు ఓజ్‌వి. గరిటె ఎక్కడికి పోతుందో తలకు తెలియదు, తల ఏం వాగుతుందో చేతులకు తెలియదు. ఆ వంటవాడిని చూసి పొట్ట పగిలేలా నవ్వామంటే, ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు ఇరికించుకుంటూ ఆడిన ఆటకు నవ్వామన్నమాట. ఇలాంటిది స్క్రిప్టులో రాయలేరు.

1990 మే 16న హెన్సన్ చనిపోయాడు. 53 ఏళ్ళు. బాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరి కొద్ది రోజుల్లోనే పోయాడు. అంత్యక్రియల సభకు ఎవరూ నల్లబట్టలు వేసుకోవద్దని ముందే రాసిపెట్టాడు. న్యూయార్క్‌లోని పెద్ద చర్చిలో సెసమీ స్ట్రీట్‌లోని పసుపు పక్షి బొమ్మ వచ్చి, కెర్మిట్ పాడే పాట పాడింది. అదే ఏడాది చివర్లో కెర్మిట్ మళ్ళీ మాట్లాడింది, బృందంలోని స్టీవ్ విట్మైర్ అనే కళాకారుడి చెయ్యితో, గొంతుతో. హెన్సన్ ఆడించిన ఇంకో బొమ్మ, పియానో వాయించే రౌల్ఫ్ అనే కుక్కను మాత్రం తోటివాళ్ళు కొన్నేళ్ళపాటు దాదాపు మాట్లాడనివ్వలేదు. బొమ్మ కనిపించేది, పలికేది కాదు. ఒక మనిషి లేకపోవడాన్ని ఒక బొమ్మ మౌనంతో గుర్తుపెట్టుకున్నారు.

ఈ గొంతు మారడం అనే బాధ మనకు తెలియనిది కాదు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయాక రామారావుకు, నాగేశ్వరరావుకు ఎవరు పాడాలన్న ప్రశ్న వచ్చింది. బాలసుబ్రహ్మణ్యం ఆ బాధ్యత తీసుకుని రామారావుకు ఒక తీరుగా, నాగేశ్వరరావుకు ఇంకో తీరుగా గొంతు మలిచి పాడారు. మా పెద్దనాన్న రేడియోలో కొత్త పాట వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపి, “ఇది రామారావు గొంతు కాదురా” అనేవారు. రామారావు తన పాటలు తాను పాడుకోలేదని ఆయనకు బాగా తెలుసు. అయినా ఆ మాట తప్పు కాదు. చూసేవాళ్ళ మనసులో ముఖమూ గొంతూ అతుక్కుపోయి ఒక మనిషి తయారవుతాడు, అందులో ఒకటి మారినా ఆ మనిషి పోయినట్టే అనిపిస్తుంది. కెర్మిట్ విషయంలో ముఖం, గొంతు, చెయ్యి మూడూ ఒకరివే. అంటే విట్మైర్ చేసింది ఒక రకంగా పరకాయ ప్రవేశం. 2000 తర్వాత ఓజ్ కూడా సినిమాలకు దర్శకత్వం చేసుకుంటూ బొమ్మలకు దూరమయ్యాడు. పిగ్గీ, ఫోజీ ఎరిక్ జేకబ్‌సన్ చేతికి వచ్చాయి.

మన తోలుబొమ్మలాటలో ఈ సమస్య ఇంత తీవ్రంగా ఉండదు. బంగారక్క, జుట్టుపోలిగాడు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలోనైనా ఇంకెక్కడైనా, తెర వెనక తండ్రి పలికిన బంగారక్కను కొడుకు పలుకుతాడు, కోడలు పలుకుతుంది. “అసలు బంగారక్క” అన్న మాటే ఎవరూ అనరు. ఆ పాత్ర ఊరందరిదీ. మప్పెట్లు పుట్టుకతో ఒక మనిషివి, తర్వాత ఒక కంపెనీవి అయ్యాయి. అభిమానుల టెన్షన్‌లో సగం ఇక్కడి నుంచే వచ్చింది.

ఆ కంపెనీ కథ కూడా తిన్నగా లేదు. 1989లోనే మప్పెట్లను డిస్నీకి అమ్మాలని హెన్సన్ మాట్లాడుకున్నాడు. సంతకాలు కాకముందే పోయాడు, బేరం చెడింది. 2000లో కుటుంబం సంస్థను ఇ.ఎం.టీవీ అనే జర్మన్ కంపెనీకి అమ్మింది. ఆ కంపెనీ కష్టాల్లో పడ్డాక, 2003లో అమ్మినదానికంటే చాలా తక్కువ ధరకు కుటుంబమే తిరిగి కొనుక్కుంది. 2004లో మప్పెట్లు డిస్నీ చేతికి వెళ్ళాయి. సెసమీ స్ట్రీట్ బొమ్మలు వేరే సంస్థ దగ్గర ఉండిపోయాయి. అంటే ఒకే తల్లి కడుపున పుట్టినవి వేరువేరు ఇళ్ళల్లో పెరిగినట్టు. ఇన్ని చేతులు మారుతుంటే, అభిమానులు ఎవరికి వారే కాపలాదార్లయ్యారు. 2005లో మొదలైన మప్పెట్ వికీ అనే అభిమానుల వెబ్‌సైట్‌లో ఏ బొమ్మను ఏ ఎపిసోడులో ఎవరు ఆడించారో కూడా వాళ్ళే రాసిపెట్టారు. యజమాని మారినా మా లెక్క మా దగ్గరుంది అన్నట్టు.

1999 తర్వాత థియేటర్లలో మప్పెట్ల సినిమా రాలేదు. టీవీలో ఏదో ఒకటి వచ్చేది, పెద్దగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2009లో క్వీన్ అనే రాక్ సంగీత బృందం పాటను మప్పెట్లు పాడిన వీడియో యూట్యూబ్‌లో కోట్లమంది చూశాక, వీటికి ఇంకా జనం ఉన్నారని అందరికీ అర్థమైంది.

ఆ లోపే జేసన్ సీగల్ అనే నటుడు డిస్నీ తలుపు తట్టాడు. 1980లో పుట్టినవాడు, మప్పెట్లను చూస్తూ పెరిగినవాడు. 2008లో తాను రాసి నటించిన ఒక ప్రేమకథలో డ్రాక్యులా బొమ్మలాట పెట్టాడు. ఆ బొమ్మల్ని హెన్సన్ సంస్థ వర్క్‌షాపులోనే చేయించాడు. ఆ సినిమా దర్శకుడు నికోలస్ స్టోలర్‌తో కలిసి మప్పెట్ల కథ రాశాడు. జేమ్స్ బాబిన్ దర్శకుడు, పాటలు బ్రెట్ మెకెంజీ. బడ్జెట్ సుమారు 4.5 కోట్ల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిన్న మొత్తమే.

ఒక అభిమాని చేతికి బొమ్మలు వస్తే ఏమవుతుంది? అభిమాని గురించే సినిమా అవుతుంది. కథలో వాల్టర్ అనే కొత్త బొమ్మ ఉన్నాడు. మనుషుల ఊళ్ళో, మనిషి అన్నయ్యతో పెరిగాడు. అన్నయ్య ఎదుగుతుంటే వీడు ఎదగడు. గోడకు గీసిన ఎత్తు గీతల్లో అన్నయ్య గీత పైకి పోతుంది, వీడిది అక్కడే ఆగిపోతుంది. ఒకరోజు టీవీలో మప్పెట్ షో చూసి, నాలాంటివాళ్ళు ఉన్నారన్నమాట అనుకుంటాడు. పెద్దయ్యాక లాస్ ఏంజిలిస్ వెళ్తే మప్పెట్ స్టూడియో పాడుబడి, బూజు పట్టి ఉంటుంది. ఒక చమురు వ్యాపారి దాన్ని కూలగొట్టి నేల తవ్వాలని చూస్తున్నాడు. కాపాడాలంటే కోటి డాలర్లు కావాలి. అందరూ తలోదిక్కయ్యారు. ఫోజీ రీనో అనే ఊళ్ళో ఒక నకిలీ మప్పెట్ బృందంతో పాడుకుంటున్నాడు, గోన్జో మరుగుదొడ్ల సామాను కంపెనీ పెట్టాడు, పిగ్గీ ప్యారిస్‌లో ఫ్యాషన్ పత్రికలో ఉంది. కెర్మిట్ ఆ బంగళాలో ఉన్నాడు. అందర్నీ వెతికి తెచ్చి మళ్ళీ ఒక షో వెయ్యాలి, డబ్బు పోగెయ్యాలి.

చూసేవాళ్ళను వాల్టర్ ఎంత కదిలించాడో చెప్పలేను. చిన్నప్పుడు తనకొక్కడికే ఏదో పిచ్చి ఉందనుకుని పెరిగిన ప్రతివాడూ ఆ ఎత్తు గీతల దగ్గర తనను చూసుకున్నాడు. షోలో పాత ప్రారంభ గీతం మళ్ళీ మోగినప్పుడు, తోరణాల్లాంటి గూళ్ళలో బొమ్మలన్నీ నిలబడి పాడినప్పుడు హాళ్ళలో జనం చప్పట్లు కొట్టారు. అందర్నీ వెతికి తెచ్చే దృశ్యాల్లో తనను చూపించలేదని రౌల్ఫ్ అలుగుతాడు. అప్పుడు చూపిస్తారు: ఊయలలో పడుకుని ఉంటే కెర్మిట్ వచ్చి రమ్మంటాడు, సరే అంటాడు, అంతే. కొన్నేళ్ళు మౌనంగా ఉంచిన ఆ కుక్క గురించి తెలిసినవాళ్ళకు ఆ చిన్న నవ్వులో ఇంకేదో కూడా వినిపించింది. నేను మనిషినా, బొమ్మనా అని అన్నాదమ్ములు పాడుకునే పాటకు 2012 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. 1979 నాటి మొదటి సినిమాలో కెర్మిట్ చెరువులో దుంగ మీద కూర్చుని బాంజో వాయిస్తూ పాడిన పాటకు నామినేషన్ వచ్చి చేజారిపోయింది. ముప్పై ఏళ్ళ బాకీ తీరినట్టు అభిమానులు సంబరపడ్డారు. సినిమా ప్రపంచవ్యాప్తంగా సుమారు 16.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఇక రెండో వైపు. విడుదలకు ముందే, పేరు చెప్పడానికి ఇష్టపడని పాత మప్పెట్ కళాకారుల అభ్యంతరాలు హాలీవుడ్ పత్రికల్లో వచ్చాయి. వాటిలో ఒకటి ఫోజీ బూట్ల గురించి. కాలు కదిపితే పిత్తు చప్పుడు వచ్చే బూట్లు వేసుకుని ఫోజీ జోకు వేస్తాడు, అది ట్రైలర్‌లోనే ఉంది. చిన్న విషయంలా ఉంటుంది. పిల్లలు పగలబడి నవ్వారు కూడా. కానీ ఫోజీ ఎవరు? జోకు పండకపోయినా జోకునే నమ్ముకున్నవాడు. మాటను పట్టుకుని వేలాడేవాడు. బాల్కనీ ముసలివాళ్ళు వెక్కిరిస్తే గుండె పగిలి, మళ్ళీ వారం ఇంకో జోకు రాసుకొచ్చేవాడు. నవ్వు కోసం ఇంత తేలికదారి తొక్కితే వాడి తపనకు అర్థం లేదు. అభ్యంతరం అసభ్యత మీద కాదు, ఆ మనిషి అలా చెయ్యడన్న నమ్మకం మీద. ఇంట్లో పెద్దాయన గురించి ఎవరైనా ఏదో చెబితే “మా తాతయ్య అలా అనడు” అని తేల్చేస్తామే, అలాంటిదన్నమాట.

ఫ్రాంక్ ఓజ్ ఈ సినిమాలో చేయనన్నాడు. స్క్రిప్టు నచ్చలేదని, పాత్రలకు గౌరవం ఇచ్చారని తనకు అనిపించలేదని బయటికే చెప్పాడు. ఆ మాట ఎక్కువ సాగదీయలేదు. అభిమానులకు ఇది పెద్ద దెబ్బ. పిగ్గీకి, ఫోజీకి ప్రాణం పోసినవాడే ఇది వాళ్ళు కాదంటే, మనకు వచ్చిన కన్నీళ్ళ సంగతేమిటి? మోసపోయామా? ఓజ్‌కు వయసు మీద పడి కొత్తవాళ్ళంటే గిట్టదన్నవాళ్ళు కొందరు. కన్నతల్లి మాటకంటే ఏముందన్నవాళ్ళు ఇంకొందరు.

నాకు అనిపించేది చెబుతాను. అభిమాని దగ్గర ఉండేది జ్ఞాపకం. ఆదివారం సాయంత్రం, నాన్న పక్కన కూర్చోవడం, టీవీలో ఆ పాట రావడం, అవన్నీ కలిసి ఒక ముద్ద. కళాకారుడి దగ్గర ఉండేది పాత్ర. దానికి ఏం నచ్చదు, ఎక్కడ భయపడుతుంది, ఏ మాట దాని నోట రాదు అన్న లెక్క. సీగల్ మొదటిదాన్ని నిజాయితీగా తెర మీద పెట్టాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఓజ్ రెండోదాన్ని వెతికి, కనిపించక బాధపడ్డాడు. ఒకరు మప్పెట్లు మనకేమిటో చూపించారు, ఇంకొకరు మప్పెట్లు తమకు తామేమిటో అడిగారు. ఈ రెండూ ఒకటే అనుకున్నంతకాలం గొడవ తేలదు.

నా ఓటు ఎటంటే, సినిమాను ప్రేమిస్తూనే ఓజ్ వైపు సగం మొగ్గుతాను. 1979 సినిమా మళ్ళీ చూడండి. అందులో కెర్మిట్ చెరువు వదిలి హాలీవుడ్ వెళ్తూ దారిలో ఒక్కొక్కరినీ కలుపుకుంటాడు. వాళ్ళ కల ముందుంది. ఎవరికీ గతం లేదు, ఉన్నా దాన్ని తలుచుకునే తీరిక లేదు. 2011 సినిమాలో కల వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ కలవాలి, మళ్ళీ ఆ థియేటర్, మళ్ళీ ఆ పాట. చివర్లో పిగ్గీ, కెర్మిట్ కలిసి పాడేది కూడా 1979 నాటి పాటే. అది వినగానే నాకూ గొంతు పూడుకుపోయింది. కానీ మర్నాడు ఆలోచిస్తే, నన్ను ఏడిపించింది పాత పాట, కొత్త సన్నివేశం దాన్ని నా ముందుకు తెచ్చి పెట్టింది అంతే అనిపించింది. పునర్దర్శనం ఒకసారే కుదురుతుంది. రెండోసారి మళ్ళీ విడిపోయి మళ్ళీ కలవలేరు కదా.

ఇంకో గొడవ కూడా నడిచింది. చమురు వ్యాపారిని విలన్ చేశారు కాబట్టి పిల్లలకు ధనవంతుల మీద ద్వేషం నూరిపోస్తున్నారని ఒక అమెరికన్ వార్తా చానల్‌లో విమర్శించారు. అభిమానులు దీన్ని పట్టించుకోలేదు, వాళ్ళ బాధ వేరు.

తర్వాత జరిగినవి చూస్తే 2011 నాటి భయాలు, సంతోషాలు రెండిటికీ ఆధారం దొరుకుతుంది. 2014లో వచ్చిన తర్వాతి సినిమా 2011 నాటి వసూళ్ళలో సగమే, సుమారు 8 కోట్ల డాలర్లు తెచ్చింది. పాత్రల మీద, అల్లరి మీద నడిచిన కథ అది. పాత షో రుచి అందులోనే ఎక్కువుందని చెప్పే అభిమానులు ఇప్పటికీ కనిపిస్తారు. జ్ఞాపకం కోసం ఒకసారి వచ్చిన జనం రెండోసారి రాలేదు. 2015లో డాక్యుమెంటరీ తీరులో టీవీ సీరియల్ పెట్టి, పిగ్గీ–కెర్మిట్ విడిపోయారని, కెర్మిట్ ఇంకో పందితో తిరుగుతున్నాడని చూపించారు. అది ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. ఇక అసలు పిడుగు 2017లో పడింది. 1990 నుంచి కెర్మిట్‌ను పలికించిన విట్మైర్‌ను అంతకుముందు ఏడాదే తప్పించారని బయటపడింది. ఆయన పని తీరు సరిగా లేదని డిస్నీ చెప్పింది. పాత్రల విషయంలో తాను పట్టుబట్టడమే కారణమని ఆయన చెప్పుకున్నాడు. హెన్సన్ పిల్లలు కంపెనీ నిర్ణయాన్నే సమర్థించారు. మ్యాట్ వోగెల్ కొత్త కెర్మిట్ అయ్యాడు.

అప్పుడు అభిమానులు పడ్డ బాధలో ఒక విచిత్రం ఉంది. 1990లో “ఇది హెన్సన్ కాదు” అని విట్మైర్‌ను ఒప్పుకోలేకపోయినవాళ్ళకు, 2017 వచ్చేసరికి విట్మైర్ గొంతే కెర్మిట్ గొంతు. 2011లో బంగళాలో పటాల ముందు పాడి వాళ్ళను ఏడిపించింది ఆయనే. కన్నతల్లి పోతే పెంచిన తల్లి, ఇప్పుడు ఆవిడా పోతే ఎలా అన్నంత బాధ. మా పెద్దనాన్న కూడా అంతే. చివరి రోజుల్లో బాలు పాట వస్తే రేడియో సౌండ్ పెంచమనేవారు.

ఓజ్ తన మాట ఇంకో రకంగా చెప్పాడు. డేవ్ గోల్జ్, జెర్రీ నెల్సన్, ఫ్రాన్ బ్రిల్, బిల్ బరెటా అనే నలుగురు పాత సహచరులతో కూర్చుని, ఈ బొమ్మలు తమ లోపల ఎక్కడి నుంచి పుట్టాయో మాట్లాడుకున్న డాక్యుమెంటరీ తీశాడు. 2017లో మొదట ప్రదర్శించారు.  నెరిసిన జుట్టుతో స్నేహితులు కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చుని నవ్వుకుంటూ ఉంటారు. హెన్సన్ అక్కడ లేకపోయినా ప్రతి మాటలోనూ ఉన్నాడు.

వాళ్ళలో గోల్జ్ 2011 సినిమాలోనూ ఉన్నాడు. ఒకప్పుడు హ్యూలెట్ ప్యాకార్డ్‌లో డిజైనర్‌గా పనిచేసి, ఉద్యోగం వదిలి బొమ్మల దగ్గరికి వచ్చి, 1976లో గోన్జో లోపల చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తియ్యలేదు. సినిమా చివర్లో దాదాపు కోటి డాలర్లు వచ్చేశాయనుకుంటారు. అంతలో అంకెల బోర్డుకు దెబ్బ తగులుతుంది. బోర్డు సరిగ్గా వెలుగుతుంది: 99,999 డాలర్ల 99 సెంట్లు. చుక్క తప్పుచోట ఉండి అందరూ మోసపోయారు. థియేటర్ పోయినట్టే. బొమ్మలు తలదించుకుని బయటికి వస్తే వీధి నిండా జనం ఉంటారు. కెర్మిట్ చెయ్యి మారింది, పిగ్గీ చెయ్యి మారింది, ఫోజీ చెయ్యి మారింది. ఆ జనాన్ని చూసి నోరు తెరిచిన గోన్జో లోపల మాత్రం మొదటి రోజు నాటి చెయ్యే ఉంది.